హెర్ ఎప్పుడు హెర్న్ అవుతాడు?

(జర్మన్ నేర్చుకుంటున్న తెలుగు విద్యార్థులు, నర్సుల కోసం హైదరాబాద్‌లో ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాటల ధోరణి చాలావరకు మార్చకుండా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

నేను జర్మనీ వెళ్లిన కొత్తలో నాకొచ్చిన మొదటి ఉత్తరం ఒక బ్యాంకు నుంచి. కవరు మీద నా పేరుకి ముందు 'హెర్న్' అని అచ్చయి ఉంది. విప్పి చూస్తే లోపల 'హెర్' అని ఉంది. మనం 'శ్రీ' అనే చోట వాళ్లు 'హెర్' అంటారని అప్పటికే తెలుసు. కవరు మీదున్న 'ఎన్' అచ్చుతప్పేమో అనుకున్నాను. వారం తిరక్కుండా ఇంకో రెండు ఉత్తరాలొచ్చాయి, వేరే వేరే చోట్ల నుంచి. వాటి మీదా 'హెర్న్'. దేశమంతా కూడబలుక్కుని ఒకే అచ్చుతప్పు చేయదు కదా! పక్క గదిలో ఉండే జర్మన్ కుర్రాణ్ణి అడిగితే, ఇందులో అడగడానికేముందన్నట్టు చూసి, "ఉత్తరం నీకు వచ్చింది కాబట్టి" అన్నాడు.

ఆ జవాబు నాకు బుర్రకెక్కలేదు. ఆ రాత్రి ఇంటికి ఉత్తరం రాస్తూ కవరు మీద నాన్న పేరు రాసి, పక్కన 'గారికి' అని పెట్టాను. లోపల 'నాన్నగారూ' అని మొదలుపెట్టాను. పెట్టాక చెయ్యి ఆగింది. నేను రాసింది కూడా ఒకే మాట కదా, కవరు మీద ఒక రకంగా, లోపల ఇంకో రకంగా. 'గారు', 'గారికి', 'గారూ'. మనకిది పుట్టుకతో వచ్చింది కాబట్టి మారినట్టే తెలియదు.

'హెర్న్'లో ఇంకో విశేషం ఉంది. వెనకటికి దానికి ముందు 'ఆన్' అని ఒక చిన్నమాట ఉండేది, 'ఫలానావారికి' అనే అర్థంలో. రానురాను కవరు మీద ఆ మాట రాయడం మానేశారు. అది తెచ్చిపెట్టిన ఎన్ మాత్రం మానలేదు. చుట్టం వెళ్లిపోయాడు, సంచి మన వసారాలోనే ఉండిపోయింది.

ఈ సాయంత్రం మనం మాట్లాడుకోబోయేది ఆ సంచి గురించే. జర్మన్ నామవాచకం విభక్తిని బట్టి ఎక్కడ మారుతుంది, ఎందుకు మారుతుంది, ఎక్కడ మారడం మానేసింది అన్నది.

ముందు మీ టెన్షన్ కొంచెం తగ్గిస్తాను. జర్మన్‌లో ఉన్నవి నాలుగు విభక్తులే. మనం చిన్నప్పుడు 'డు, ము, వు, లు ప్రథమా విభక్తి' అని మొదలుపెట్టి ఎనిమిది దాకా ఊగుతూ వల్లించినవాళ్లం. నాలుగుకి భయపడతామా? అక్కడి బడిపిల్లలు ఆ నాలుగింటినీ ప్రశ్నలతో గుర్తుపెట్టుకుంటారు. 'వేర్', 'వెసెన్', 'వేమ్', 'వేన్'. తెలుగులో చెప్పండి: ఎవరు, ఎవరి, ఎవరికి, ఎవరిని. అంతే. నామినాటివ్, గెనిటివ్, డాటివ్, అకుజాటివ్ అన్న లాటిన్ పేర్లు పుస్తకాలకి. నేను మాత్రం మన పేర్లే వాడతాను: ఎవరు ప్రథమ, ఎవరి షష్ఠి, ఎవరికి చతుర్థి, ఎవరిని ద్వితీయ. అతుకు పూర్తిగా కుదరని చోట్లుంటాయి, అవి వచ్చినప్పుడు చెబుతాను.

అసలు చిక్కు లెక్కలో లేదు. మార్పు ఎక్కడ కనిపిస్తుందన్న దాంట్లో ఉంది. తెలుగులో విభక్తి మాట వెనక వస్తుంది. రాముడికి, బల్ల మీద, ఊరి నుంచి. మన చెవి మాట చివర కోసం కాచుకుని ఉంటుంది. జర్మన్‌లో ఆ పని చాలావరకు మాట ముందు జరిగిపోతుంది. మీరందరూ మొదటిరోజే నేర్చుకున్న మాట 'గూటెన్ టాక్'. రాత్రి పడుకోబోయే ముందు చెప్పేది 'గూటె నఖ్ట్'. ఒకచోట 'గూటెన్', ఇంకోచోట 'గూటె' ఎందుకని ఎప్పుడైనా అడిగారా? పగలు, అంటే 'టాక్', పుంలింగం. రాత్రి, 'నఖ్ట్', స్త్రీలింగం. 'మీకు మంచి పగలుని కోరుతున్నాను' అనే పూర్తి వాక్యంలో చివరి ముక్క మాత్రమే మనం పలుకుతున్నాం. కోరేది దేన్ని అన్నది ద్వితీయ కాబట్టి పుంలింగం ముందు 'గూటెన్' అయింది. 'టాక్' అన్న మాట మాత్రం ఉలకలేదు, పలకలేదు. అంటే జర్మన్‌లో మీరు నోరు విప్పిన మొదటి క్షణమే ద్వితీయా విభక్తి వాడేశారు, మీకు తెలియకుండా.

నామానికి ముందొచ్చే 'డేర్, డీ, డస్' పట్టిక మీ అందరి గోడల మీదా అతికించి ఉంటుంది. పదహారు గళ్లు. కానీ వాటిలో తిరిగేవి ఆరే మాటలు: డేర్, డీ, డస్, డేన్, డేమ్, డెస్. ఆరు చొక్కాలు పదహారు రోజులు తిప్పి తిప్పి వేసుకున్నట్టు. అందుకే 'డేర్' వినగానే పుంలింగం అనుకుంటే దెబ్బ తింటాం. 'మిట్ డేర్ ఫ్రౌ' అంటే 'ఆ స్త్రీతో'. అక్కడ 'డేర్' స్త్రీలింగపు చతుర్థి. ఈ పట్టిక జోలికి ఇవాళ ఇంతకు మించి వెళ్లను. మీ టీచర్లు రోజూ దాంతోనే చంపుతున్నారు. (నవ్వులు)

లింగం గురించి ఒక్క మాట. అమ్మాయిని, 'మేట్‌షెన్'ని, జర్మన్‌లో నపుంసకలింగంలో పెట్టారని మనవాళ్లు నవ్వుతుంటారు. 'బస్సు వచ్చింది', 'అక్క వచ్చింది' అనే భాష మనది. మనం నవ్వకూడదు.

ఇక నామం దగ్గరికి వద్దాం. ముందున్న మాటే బరువంతా మోస్తుంటే, నామానికి పనేముంది? చాలాచోట్ల నిజంగానే పనిలేదు. స్త్రీలింగ నామాలు ఏకవచనంలో నాలుగు విభక్తుల్లోనూ కదలవు. 'ఫ్రౌ' అంటే ఫ్రౌవే, 'షూలె' అంటే షూలెయే. మీరు బడిలోకి వెళ్తున్నా, 'ఇన్ డీ షూలె', బడిలో కూర్చున్నా, 'ఇన్ డేర్ షూలె', బడి కదలదు, ముందున్న ముక్క మారుతుంది. 'లోకి', 'లో' అన్న తేడా మన చెవికి ఎలాగూ ఉంది కాబట్టి ఈ ద్వితీయ, చతుర్థుల తేడా ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్ల కంటే మనకి తొందరగా ఎక్కాలి. ఎక్కడం లేదంటే మనం కూడా ఇంగ్లీషు మీదుగా వెళ్తున్నామని అర్థం.

నిజానికి స్త్రీలింగ నామాలు కూడా ఒకప్పుడు మారేవి. ఆనవాళ్లున్నాయి. డ్రెస్డెన్‌లో ఫ్రౌవెన్‌కిర్షె అనే చర్చి ఉంది. 1945 ఫిబ్రవరి బాంబుదాడుల్లో కూలిపోయింది, తిరిగి కట్టి 2005లో తెరిచారు. మ్యూనిక్‌లోనూ అదే పేరుతో ఇంకోటి ఉంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు 'ఫ్రౌవెన్' అంటే బహువచనం కదా, ఆడవాళ్ల చర్చి కాబోలు అనుకుంటారు. కాదు. అది ఒకే ఒక్క స్త్రీ, మరియమ్మ. 'ఆ తల్లి చర్చి' అని అర్థం. ఆ 'ఎన్' పాత షష్ఠి. మామూలు మాటల్లో పోయింది, చర్చి పేరులో రాయిలా నిలిచింది. అలాగే 'భూమి మీద' అనడానికి ఇప్పటికీ 'ఔఫ్ ఏర్డెన్' అనే నుడి ఉంది, ప్రార్థనలో వస్తుంది. మామూలుగా అయితే 'ఏర్డె' అనాలి. మన తెలుగు చర్చిల్లో 'భూమియందు' అని ప్రార్థన చేసి, బయటికొచ్చి ఎవరైనా 'బస్సుయందు' అంటారా? గుడి, చర్చి, కోర్టు, ఈ మూడు చోట్లా పాత విభక్తులు చావవు.

ఇప్పుడు నామం నిజంగా మారే చోట్లు. మొదటిది అందరికీ తెలిసిన 'ఎస్'. పుంలింగం, నపుంసకలింగం, షష్ఠీ ఏకవచనం. 'ఫాటర్' తండ్రి, 'డెస్ ఫాటర్స్' తండ్రి యొక్క. 'హౌస్' ఇల్లు, 'డెస్ హౌజెస్' ఇంటి. పొట్టిమాటలకి తరచు ఎస్‌కి ముందు ఒక 'ఎ' కూడా చేరుతుంది. మాట చివర ఇప్పటికే స, ట్స లాంటి ధ్వని ఉంటే అది తప్పనిసరి, లేకపోతే నోరు తిరగదు. బెర్లిన్‌లో ఈ ఎస్‌ని చూడ్డానికి వ్యాకరణ పుస్తకం అక్కర్లేదు, వీధుల్లో నడిస్తే చాలు. 1907లో తెరిచిన పెద్ద దుకాణం ఒకటుంది, అందరూ 'కాడేవే' అంటారు. పూర్తిపేరు 'కౌఫ్‌హౌస్ డెస్ వెస్టెన్స్', పడమటి దుకాణం. 'కాడేవే'లో నడుమనున్న 'డే' ఉందే, అది 'డెస్'కి మొదటి అక్షరం. షష్ఠీ విభక్తిని పొడి అక్షరాల్లో ఇరికించిన దుకాణం ఇంకోటి నాకు తెలియదు. అలెగ్జాండర్‌ప్లాట్స్ దగ్గర 'హౌస్ డెస్ లేరర్స్', ఉపాధ్యాయుడి ఇల్లు. ఊరి మధ్యలో పోయే పెద్ద రోడ్డు పేరు 'ష్ట్రాసె డెస్ 17. యూని', 1953 జూన్ 17న తూర్పు జర్మనీలో జరిగిన తిరుగుబాటు జ్ఞాపకంగా పెట్టింది. ఇక్కడ నెల పేరు చివర ఎస్ లేదు, గమనించండి. నెలల పేర్లు తేదీతో వచ్చినప్పుడు బద్ధకిస్తాయి.

మీలో ఫుట్‌బాల్ చూసేవాళ్లున్నారా? బుండెస్‌లీగా. 'బుండ్' అంటే సమాఖ్య. 'బుండెస్' అంటే సమాఖ్య యొక్క. ఆ ఎస్ వీధిలో తిరిగే షష్ఠే, వచ్చి లీగుకి అతుక్కుంది. ఇలా సమాసాల్లో అతుక్కుని అతుక్కుని, ఆ ఎస్‌కి అలవాటైపోయి, తనకి సంబంధం లేని స్త్రీలింగ నామాల్లో కూడా దూరింది. 'లీబె' అంటే ప్రేమ, స్త్రీలింగం, దానికి షష్ఠిలో ఎస్ రాకూడదు. ప్రేమలేఖ మాత్రం 'లీబెస్‌బ్రీఫ్'. ప్రేమలేఖలో వ్యాకరణం చూడరు లెండి.

మనుషుల పేర్లకి ఇంకో పద్ధతి. లింగంతో పనిలేకుండా ఎస్ వస్తుంది. లక్ష్మి సంచి 'లక్ష్మీస్ టాషె'. ఇంగ్లీషులో లాగా పైన కామా పెట్టకూడదు. పెడితే దాన్ని 'తెలివితక్కువవాళ్ల కామా' అని వెక్కిరించేవారు. అయినా దుకాణాల బోర్డుల మీద జనం పెడుతూనే ఉన్నారు. చివరికి 2024లో వచ్చిన కొత్త నిబంధనలు, యజమాని పేరుతో ఉన్న వ్యాపారాల బోర్డుల మీద పెట్టుకోవచ్చని ఒప్పుకున్నాయి. వెక్కిరించినవాళ్లు ఇంకా కోపంగానే ఉన్నారు. ఈ హాల్లో శ్రీనివాస్‌లు ఎంతమంది? నలుగురా! మీ పేరు చివర ముందే ఎస్ ఉంది కాబట్టి ఇంకో ఎస్ చేరదు. మీకు మాత్రం నిబంధన ప్రకారమే ఆ కామా దక్కుతుంది. మాట్లాడేటప్పుడు వినపడదు కాబట్టి 'ఫోన్ శ్రీనివాస్' అనేస్తారు, శ్రీనివాస్‌ది అని. సెల్‌ఫోన్ అనుకోకండి. (నవ్వులు)

రెండో చోటు బహువచనం, చతుర్థి. ఇక్కడ నామానికి ఎన్ తప్పనిసరి. జర్మనీలో ఏ కట్టుబడి స్థలం దగ్గరికి వెళ్లినా ఒక బోర్డు వేలాడుతుంటుంది: 'ఎల్టెర్న్ హఫ్టెన్ ఫ్యూర్ ఈరె కిండర్'. పిల్లలు లోపలికొచ్చి ఏమైనా చేస్తే తల్లిదండ్రులదే బాధ్యత అని. 'ఫ్యూర్' తర్వాత ద్వితీయ వస్తుంది కాబట్టి పిల్లలు 'కిండర్' గానే ఉన్నారు. అదే 'పిల్లలతో' అంటే, 'మిట్ ఈరెన్ కిండర్న్'. మన 'పిల్లలు' కూడా 'పిల్లలతో' అనగానే 'లు' పోయి 'ల' అవుతుంది కదా, అలాంటి చిన్న సర్దుబాటు. బహువచనం ముందే ఎన్‌తోనో ఎస్‌తోనో ముగిస్తే ఏమీ చేరదు: 'మిట్ డేన్ ఫ్రౌవెన్', 'మిట్ డేన్ ఔటోస్'. వెయ్యేళ్లకి పైబడిన పాత జర్మన్‌లో ఇది ఎన్ కాదు, 'ఉమ్' అని స్పష్టంగా పలికేది. రోజులకి అనాలంటే 'టాగుమ్'. జర్మన్ మాటల్లో ఊనిక మొదటి అక్షరం మీదే పడుతుంది, బలమంతా అక్కడే ఖర్చయిపోతుంది. చివరికొచ్చేసరికి ఊపిరి చాలక అచ్చులన్నీ 'ఎ'గా అరిగిపోయాయి. 'టాగుమ్' కాస్తా 'టాగెన్' అయింది. విభక్తి బరువు ముందున్న మాట మీదికి జరగడానికి ఈ అరుగుదల పెద్ద కారణం. చివర్లు వినపడకపోతే ఎవరో ఒకరు ముందుకొచ్చి చెప్పాలి కదా.

మూడో చోటు మనకి బాగా తెలిసిన దారి. పుస్తకాల్లో 'ఎన్-డెక్లినాత్సియోన్' అంటారు. మీలో సగం మంది దీన్ని మినహాయింపుల చిట్టా అనుకుని పక్కన పెట్టేసి ఉంటారు. నేను మాత్రం తెలుగువాళ్లకి ముందు దీన్నే చెప్పాలంటాను.

'ఇల్లు'కి 'కి' చేర్చండి. 'ఇల్లుకి' అన్నారా? మూడేళ్ల పిల్లాడు అంటాడు, మనం 'ఇంటికి' అంటాం. ఇంటిని, ఇంటి, ఇంట్లో. ప్రథమలో ఒక రూపం, మిగతా అన్నిటికీ కలిపి ఇంకో రూపం. నోరు, నోటి. కన్ను, కంటి. చెయ్యి, చేతి. చిన్నయసూరి వీటికి ఔపవిభక్తికాలని పేరు పెట్టాడు. ఇప్పుడు ఇది చూడండి: 'కొలేగె', తోటి ఉద్యోగి. తోటి ఉద్యోగిని, 'డేన్ కొలేగెన్'. ఉద్యోగికి, 'డేమ్ కొలేగెన్'. ఉద్యోగి యొక్క, 'డెస్ కొలేగెన్'. ప్రథమలో ఒక రూపం, మిగతా మూడింటికీ ఒకే రూపం. పద్ధతి మన 'ఇల్లు, ఇంటి' పద్ధతే. రెండు భాషలకీ చుట్టరికం లేదు, పోలిక యాదృచ్ఛికమే. కానీ మన బుర్రలో ఈ గూడు ముందే కట్టి ఉంది, వాడుకోవాలి.

ఈ గుంపులో ఉన్నవాళ్లు దాదాపు అందరూ పుంలింగం, ఎక్కువమంది ప్రాణమున్నవాళ్లు. 'ఎ'తో ముగిసే మనుషులు, జంతువులు: కుర్రాడు 'యుంగె', కోతి 'అఫె', కుందేలు 'హాజె', కొనుగోలుదారు 'కుండె'. తర్వాత బయట నుంచి వచ్చి ఈ వరసలో కూర్చున్నవాళ్లు: ష్టుడెంట్, ప్రేజిడెంట్, పోలిత్సిస్ట్, ఎలెఫాంట్. 'మెన్ష్' అంటే మనిషి, 'బేర్' అంటే ఎలుగుబంటి, వీళ్లూ ఇక్కడే. చైనావాడు, 'షినేజె', ఇక్కడే. మనం లేం. 'ఇండర్' మామూలు నామం, 'డేమ్ ఇండర్' అంటే చాలు, పరీక్షలో మన గురించి మనం రాసుకునేటప్పుడు ఒక తప్పు తగ్గింది. ఇక హెర్ ఉన్నాడు. 'హెర్న్' ఏకవచనంలో, 'హెరెన్' బహువచనంలో. ఆ రెండోది మగవాళ్ల మరుగుదొడ్డి తలుపు మీద ఉంటుంది. నా కవరు మీద అచ్చయింది మొదటిది.

ప్రాణమున్నవాటి సంగతి ఎందుకన్నానంటే, తెలుగులోనూ 'పుస్తకం చదివాను' అంటాం, 'ని' అక్కర్లేదు. 'రాముడు చూశాను' అంటే మాత్రం ఎవరు ఎవర్ని చూశారో తెలియదు, 'రాముణ్ణి' అనాల్సిందే. పుస్తకం మనల్ని చదవదు కాబట్టి అక్కడ గందరగోళం లేదు. రాముడు మనల్ని చూడగలడు.

ఇంతకీ ఆ ఎన్ ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ సంస్కృతం చదివినవాళ్లకి పండగ. 'రాజన్' అనే శబ్దం ప్రథమలో 'రాజా' అవుతుంది, న్ రాలిపోతుంది. 'రాజానం' అనగానే తిరిగొస్తుంది. జర్మన్‌లో ఎద్దుని 'ఒక్సె' అంటారు. ఎద్దుని, ఎద్దుకి, ఎద్దు యొక్క అనాలంటే 'ఒక్సెన్'. సంస్కృతంలో ఎద్దు 'ఉక్షన్'. ఒక్సె, ఉక్షన్, రెండూ ఒకే తల్లి బిడ్డలు. పేరుని 'నామె' అంటారు, మన 'నామం' వచ్చిన 'నామన్' దానికి అక్కో చెల్లెలో. దాని షష్ఠి 'నామెన్స్'. అంటే మనం 'ఎన్ వచ్చి చేరింది' అనుకుంటున్నాం కానీ, ఈ పాత మాటల్లో అది మొదటి నుంచీ ఉన్నదే. ప్రథమలో మాత్రం రాలిపోయింది. ఒక్సెన్ అసలు మనిషి, ఒక్సె టోపీ తీసేసిన మనిషి. ఈ చుట్టరికాన్ని శాస్త్రంగా నిలబెట్టిన ఫ్రాంత్స్ బోప్ మొదటి గ్రంథం 1816లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయింది. అదే 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదనీ, వాటిది వేరే కుటుంబమనీ రాశాడు. ఒకే ఏడాది వాళ్ల బంధువులెవరో వాళ్లకి, మన బంధువులెవరో మనకి తెలిసింది.

'నామె' లాంటివి ఇంకొన్ని ఉన్నాయి: 'గెడాంకె' ఆలోచన, 'విలె' సంకల్పం, 'బూఖ్‌ష్టాబె' అక్షరం. ప్రాణం లేనివి, షష్ఠిలో ఎన్, ఎస్ రెండూ వేసుకుంటాయి. నపుంసకలింగంలో ఒకే ఒక్క మాట ఇలా ప్రవర్తిస్తుంది: 'హెర్ట్స్', గుండె. గుండెకి 'డేమ్ హెర్ట్సెన్', గుండె యొక్క 'డెస్ హెర్ట్సెన్స్'. ద్వితీయలో మాత్రం హెర్ట్స్ గానే ఉంటుంది. డాక్టర్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు 'డేమ్ హెర్ట్స్' అనడం కూడా వినిపిస్తుంది. వాళ్లకది ఒక కండరం.

నర్సులుగా వెళ్లబోయేవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా వినండమ్మా. 'పట్సియెంట్', రోగి, ఈ గుంపులోనివాడే. బహువచనం కూడా 'పట్సియెంటెన్'. కాబట్టి 'డేమ్ పట్సియెంటెన్' అంటే ఒక రోగికి. 'డేన్ పట్సియెంటెన్' అంటే? రెండర్థాలు: ఒక రోగిని, లేదా చాలామంది రోగులకి. 'మందు ఇచ్చాను' అనే వాక్యంలో అది 'రోగులకి' అనే అర్థమే ఇస్తుంది. డ్యూటీ మారేటప్పుడు 'డేమ్ పట్సియెంటెన్ డస్ మెడికమెంట్ గెగేబెన్' అనాల్సిన చోట 'డేన్' అంటే, ఒకాయనకిచ్చిన మందు వార్డంతటికీ ఇచ్చినట్టు వినిపిస్తుంది. మ్‌కి, న్‌కి ఉన్న తేడా అంత. పెదాలు మూయాలి, మూశామని ఎదుటివాళ్లకి తెలియాలి. రోగి స్త్రీ అయితే ఈ గొడవ లేదు. 'డేర్ పట్సియెంటిన్', ఆవిడ మారదు.

'మరి జర్మన్లే సరిగా మాట్లాడరు కదా సార్' అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే. 'డేమ్ ష్టుడెంట్', 'డేన్ బేర్' అని ఎన్ మింగేసి మాట్లాడేవాళ్లు బోలెడుమంది. షష్ఠి బదులు 'డేమ్ ఫాటర్ జైన్ హౌస్' అంటారు, 'నాన్నకి ఆయన ఇల్లు' అన్నట్టు. బెర్లిన్‌వాళ్ల మీద ఒక నానుడి కూడా ఉంది, బెర్లిన్‌వాడు ఎప్పుడూ 'మీర్' అనే అంటాడు, అది సరైన చోట కూడా అని! 'మీర్' అంటే నాకు, 'మిష్' అంటే నన్ను. వాళ్లకి రెండూ ఒకటే. కానీ వాళ్లు తప్పు మాట్లాడితే యాస, మనం మాట్లాడితే తప్పు. ఇది న్యాయం కాదు, అయినా పరీక్ష దిద్దేవాళ్లు మనవైపు ఉండరు.

'మీర్' ఎలాగూ వచ్చింది కాబట్టి, చలేస్తే ఏమంటారు? 'ఇష్ బిన్ కల్ట్' అన్నారంటే, 'నేను చల్లగా ఉన్నాను' అని. శవమో, మనసు లేని మనిషో అంటాడా మాట. 'మీర్ ఇస్ట్ కల్ట్' అనాలి: నాకు చలిగా ఉంది. నాకు బోర్ కొడుతోంది, 'మీర్ ఇస్ట్ లంగ్‌వైలిష్'. నాకు నచ్చింది, 'మీర్ గెఫెల్ట్'. ఈ వాక్యాలు మన నోట్లో తయారుగా ఉన్నాయి. వీటిని మనం ఇంగ్లీషులోకి మార్చి, అక్కడ పాడుచేసుకుని, జర్మన్‌లోకి తెస్తున్నాం. అన్నిచోట్లా ఇది కుదురుతుందని చెప్పను. 'సహాయం చేయి' అన్న క్రియకి మనకిలాగే 'కి' వస్తుంది, కానీ 'మిట్' అంటే 'తో' అయినా దానికి చతుర్థే. మన తృతీయ కూడా వాళ్ల చతుర్థి గదిలోనే కాపురముంటుంది. ఇల్లు చిన్నది, నాలుగే గదులు.

ఇక చచ్చిపోయిన మార్పు ఒకటి చెప్పి ఆపేస్తాను. పూర్వం పుంలింగ, నపుంసక నామాలకి చతుర్థి ఏకవచనంలో ఒక 'ఎ' చేరేది. ఇప్పుడు 'నాఖ్ హౌజె', ఇంటికి, 'త్సు హౌజె', ఇంట్లో, ఇలాంటి కొన్ని నుడుల్లోనే బతికుంది. దాన్ని అందరికంటే పెద్ద అక్షరాల్లో చూడాలంటే బెర్లిన్‌లో రైఖ్‌స్టాగ్ అనే పార్లమెంటు భవనం ముందు నిలబడాలి. ఆ భవనం 1894లో పూర్తయింది. గుమ్మం పైన శాసనానికి వదిలిన చోటు 22 ఏళ్లు ఖాళీగా ఉండిపోయింది. 1916లో, మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, నెపోలియన్ మీద యుద్ధాల్లో చిక్కిన ఫిరంగులు కరిగించి అక్షరాలు పోసి పెట్టారు: 'డేమ్ డోయ్‌చెన్ ఫోల్కె'. జర్మన్ ప్రజకి. అంకితం కాబట్టి చతుర్థి. క్రియ లేదు, కర్త లేడు, ఒక్క 'కి' ఉంది. కవరు మీద 'గారికి' లాగే. ఈరోజు ఎవరైనా రాస్తే 'ఫోల్క్' అనే రాస్తారు, చివరి 'ఎ' ఉండదు.

అదే భవనంలో, లోపలి ముంగిట్లో, హాన్స్ హాకె అనే కళాకారుడు 2000లో ఇంకో శాసనం పెట్టాడు. అవే అక్షరాల తీరు, నేల మీద, ఆకాశం వైపు తిరిగి ఉంటాయి: 'డేర్ బెఫోల్కెరుంగ్'. అంటే ఇక్కడ నివసించే జనానికి. జర్మన్ జాతి అన్న మాట తీసేసి, ఉన్నవాళ్లందరూ అన్న మాట పెట్టాడు. అది పెట్టాలా వద్దా అని పార్లమెంటులో ఓటింగ్ జరిగి రెండే రెండు ఓట్ల తేడాతో నెగ్గింది. ఎంపీలు తమ తమ నియోజకవర్గాల నుంచి మట్టి తెచ్చి ఆ అక్షరాల చుట్టూ పోశారు. వాళ్ల గొడవ రాజకీయం. నేను వ్యాకరణం చెప్పుకునేవాణ్ణి కాబట్టి నా చూపు వేరే చోట పడింది. రెండూ చతుర్థే. బయటి మాట నపుంసకం, ముందు 'డేమ్', వెనక 'ఎ'. లోపలి మాట స్త్రీలింగం, ముందు 'డేర్', వెనక ఏమీ లేదు. మీలో రేపు అక్కడికి వెళ్లి పనిచేసేవాళ్లని ఆ రెండో మాట కలుపుకుంటుంది. దాని ముందున్న 'డేర్' చూసి పుంలింగం అనుకోకండి.

నా గడియారం ఏడున్నర అంటోంది. ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర నీలం చీర కట్టుకున్న అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తి ఉంది. ముందు ఆవిడకి మైకు ఇవ్వండి.